వైఫై స్పీకర్ మొరాయిస్తే: తెగింది ఎక్కడో ముందు పట్టుకోండి

"స్పీకర్‌కి వైఫై పనిచేయట్లేదండీ" అని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది ఒకటే. పనిచేయట్లేదంటే సరిగ్గా ఏం జరగట్లేదు? ఈ ఒక్క ఫిర్యాదు వెనక కనీసం నాలుగు వేర్వేరు సమస్యలు ఉండొచ్చు. స్పీకర్ అసలు వైఫైకి కనెక్ట్ కాకపోవడం ఒకటి. కనెక్ట్ అయినా ఫోన్‌లో కనపడకపోవడం రెండోది. కనపడుతుంది, పాట కూడా మొదలవుతుంది, కానీ ఆగి ఆగి వస్తుంది. ఇది మూడోది. మిగతావన్నీ బాగానే పలుకుతాయి, ఇంటర్నెట్ రేడియో లాంటి ఏదో ఒక్కటి మాత్రం తెరుచుకోదు. అది నాలుగోది. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు. పాట ఆగి ఆగి వస్తుంటే పాస్‌వర్డ్ మార్చి లాభం లేదు. ఫోన్‌లో స్పీకర్ కనపడకపోతే ఇంటర్నెట్ ప్లాన్ పెంచినా ఒరిగేదేమీ లేదు.

ఇళ్లలో వైఫై స్పీకర్లు, సౌండ్‌బార్లు, ఏవీ రిసీవర్లు (టీవీ, పాటల శబ్దాన్ని స్పీకర్లకి పంచే పెట్టెలు) అమర్చడం నా పని. నేను వెళ్లేసరికే చాలామంది ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేసి ఉంటారు. మీరు మాత్రం అది మొదటే చేయకండి. రీసెట్‌తో స్పీకర్‌లో ఉన్న సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. అంతకు ముందు దానికి ఏ ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాని ఇంటి నంబరు లాంటిది) ఉంది, ఏ బ్యాండ్‌లో (వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణిలో) ఉంది, ఏ సాఫ్ట్‌వేర్ వెర్షన్ మీద ఉంది అని చూసుకునే అవకాశం పోతుంది. పైగా తప్పు రూటర్‌లో ఉంటే, రీసెట్ తర్వాత స్పీకర్‌ని మళ్లీ కనెక్ట్ చేయడం కూడా కుదరదు. అప్పటిదాకా అప్పుడప్పుడు పలికిన స్పీకర్ పూర్తిగా మూగబోతుంది.

ముందు దారి తెలుసుకోవాలి. స్పీకర్ రూటర్ సిగ్నల్‌ని అందుకోవాలి. పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వెళ్లాలి. రూటర్ నుంచి ఒక ఐపీ చిరునామా తెచ్చుకోవాలి. తను ఉన్నానని ఫోన్‌కి తెలియజేయాలి. ఆ తర్వాత ఇంటర్నెట్‌లోకి వెళ్లి, పాటలిచ్చే సర్వర్‌తో మాట్లాడాలి. ఈ వరుస ఎప్పుడూ మారదు. కాబట్టి ఎంతవరకు సవ్యంగా నడిచిందో తెలిస్తే, వెతకాల్సింది ఆ తర్వాతి మెట్టు దగ్గర.

అది తెలుసుకోవడానికి రూటర్ సెట్టింగ్స్ పేజీ తెరవండి. బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొడితే చాలా రూటర్లలో వచ్చేస్తుంది. రాకపోతే రూటర్ అడుగున ఉన్న స్టిక్కర్ మీద చిరునామా, లాగిన్ వివరాలు ఉంటాయి. అందులో కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూడండి. స్పీకర్ అక్కడ లేకపోతే సమస్య సిగ్నల్ దగ్గరో పాస్‌వర్డ్ దగ్గరో ఉంది. జాబితాలో ఉండి ఫోన్‌లో కనపడకపోతే అది రెండో రకం. స్పీకర్ మెనూలోనో దాని యాప్‌లోనో కనిపించే ఐపీ 169.254తో మొదలైతే, అది రూటర్ ఇచ్చిన చిరునామా కాదు. అడిగినా ఎవరూ ఇవ్వకపోతే పరికరం తనకు తానే పెట్టుకునే చిరునామా అది. వైఫై దాకా వచ్చింది, చిరునామా దొరకలేదు అని దాని అర్థం.

ఇక రీస్టార్ట్. దీన్ని తీసిపారేయను, కానీ వరుస ముఖ్యం. అన్నీ ఒకేసారి ఆఫ్ చేసి ఒకేసారి ఆన్ చేస్తే, రూటర్ ఇంకా సిద్ధం కాకముందే స్పీకర్ చిరునామా అడిగి, దొరక్క ఊరుకుంటుంది. ముందు మోడెమ్ (బయటి ఇంటర్నెట్ లైను వచ్చే పెట్టె) ఆన్ చేసి లైట్లు నిలకడగా వెలిగేదాకా ఆగండి. తర్వాత రూటర్. ఫోన్‌లో ఇంటర్నెట్ వస్తోందని చూసుకున్నాక స్పీకర్. స్పీకర్‌ని రిమోట్‌తో ఆఫ్ చేస్తే సరిపోదు, అది స్టాండ్‌బైలోకి వెళ్తుందంతే. ప్లగ్ తీసి అర నిమిషం ఆగి పెట్టాలి.

అసలు వైఫైకే కనెక్ట్ కాకపోతే

కొత్త స్పీకర్ సెట్ చేసేటప్పుడు వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఫోన్ వల్లే వస్తాయి. చాలా స్పీకర్లు సెటప్ సమయంలో సొంతంగా ఒక చిన్న వైఫై పెడతాయి. ఫోన్ దానికి కనెక్ట్ అయి మన ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ అందించాలి. కానీ ఆ చిన్న వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. "ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు" అనుకుని ఫోన్ దాన్ని వదిలేసి మొబైల్ డేటాకి మారిపోతుంది. యాప్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకే సెటప్ మొదలుపెట్టే ముందు మొబైల్ డేటా ఆపండి, వీపీఎన్ (ఫోన్ ఇంటర్నెట్‌ని వేరే సర్వర్ మీదుగా మళ్లించే యాప్) ఉంటే అదీ ఆపండి. ఇంటర్నెట్ లేకపోయినా కనెక్ట్ అయి ఉండాలా అని ఫోన్ అడిగితే ఉండాలని చెప్పండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉందా, యాప్‌కి ఆ అనుమతి ఇచ్చారా అని కూడా చూడండి. చుట్టూ ఉన్న వైఫైల జాబితాతో మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టొచ్చు కాబట్టి, ఆ అనుమతి లేనిదే చాలా యాప్‌లకి ఆ జాబితా కనపడదు. స్పీకర్ యాప్ లొకేషన్ అడగగానే అనుమానంతో వద్దనేవాళ్లు చాలామంది ఉంటారు. అనుమానం మంచిదే, సెటప్ అయిపోయాక ఆ అనుమతి తీసేయండి.

తర్వాత చూడాల్సింది బ్యాండ్. రూటర్లు సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో పనిచేస్తాయి. మొదటిది గోడలు దాటి దూరం వెళ్తుంది, కానీ అందులో రద్దీ ఎక్కువ. రెండోది వేగం, కానీ గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. ధర తక్కువ స్పీకర్లలో, పాత స్పీకర్లలో తరచుగా 2.4 మాత్రమే ఉంటుంది. ఫోన్ 5లో ఉండి, రెండు బ్యాండ్లకీ వేర్వేరు పేర్లుంటే, స్పీకర్‌కి ఆ 5 పేరు కంటికే ఆనదు. రెండింటికీ ఒకే పేరుంటే ఇంకో రకం తంటా వస్తుంది. ఏ పరికరాన్ని ఏ బ్యాండ్‌లో ఉంచాలో రూటరే నిర్ణయిస్తుంది, 5కి వెళ్లమని స్పీకర్‌ని పదేపదే తోస్తుంది, కొన్ని స్పీకర్లు ఆ తోపుడికి తట్టుకోలేవు. సెటప్ జరిగేంత సేపు 5 గిగాహెర్ట్జ్‌ని ఆపేయండి. స్పీకర్ కనెక్ట్ అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. అలా చేసినా రోజూ తెగుతుంటే, 2.4కి వేరే పేరు పెట్టి స్పీకర్లన్నీ అందులో ఉంచండి.

పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా ఒప్పుకోకపోతే భద్రతా పద్ధతిని అనుమానించండి. డబ్ల్యూపీఏ3 అనే పద్ధతి 2018లో వచ్చింది. అంతకు ముందు తయారైన స్పీకర్లలో చాలావాటికి అది తెలియదు. రూటర్ మార్చిన రోజునుంచే స్పీకర్ మొరాయిస్తోందంటే నా మొదటి అనుమానం దీని మీదే. రూటర్‌లో డబ్ల్యూపీఏ2 పెట్టండి. అది కుదరకపోతే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసి ఉండే పద్ధతి ఎంచుకోండి. కొన్ని పాత స్పీకర్లు ఆ కలగలుపుని కూడా భరించలేవు, వాటికి అచ్చంగా డబ్ల్యూపీఏ2 కావాల్సిందే. ఎంత విసుగొచ్చినా పాస్‌వర్డ్ లేకుండా వైఫై తెరిచి పెట్టకండి, 2004కి ముందటి పాత పద్ధతులకి దిగకండి. ఒక్క స్పీకర్ కోసం ఇంట్లో ఫోన్లు, కంప్యూటర్లు అన్నింటినీ బజారున పెట్టినట్టవుతుంది. పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపే డబ్ల్యూపీఎస్ బటన్ నొక్కినా కనెక్ట్ కావట్లేదంటే కారణం కూడా ఇక్కడే ఉండొచ్చు. డబ్ల్యూపీఏ3తో ఆ బటన్ పనిచేయదు.

వైఫై పేరులో తెలుగు అక్షరాలు, ఎమోజీలు, కొటేషన్ గుర్తులు ఉంటే కొన్ని స్పీకర్లు తడబడతాయి. పేరు చివర కనపడని ఖాళీ పడినా అంతే. పేరు దాచిపెట్టి ఉంటే సెటప్ అయ్యేదాకా బయటపెట్టండి. మ్యాక్ ఫిల్టర్ అని కొన్ని పరికరాలనే లోపలికి రానిచ్చే ఏర్పాటు రూటర్‌లో ఉంటే, స్పీకర్ మ్యాక్ చిరునామాని (తయారీలోనే పరికరానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యని) అందులో చేర్చండి. అది సాధారణంగా స్పీకర్ అడుగున ముద్రించి ఉంటుంది.

ఏవీ రిసీవర్ ఉన్నవాళ్లకి ఒక మాట. కొన్ని రిసీవర్ల వెనక వైఫై కోసం రెండు యాంటెనాలుంటాయి. అవి మడిచే ఉంటే, లేదా ర్యాక్ వెనక గోడకి ఆనుకుని నలిగి ఉంటే సిగ్నల్ బాగా తగ్గిపోతుంది. నిటారుగా లేపి, మర విప్పుకోకుండా చేత్తో బిగించండి.

కనెక్ట్ అయింది, కానీ ఫోన్‌లో కనపడట్లేదు

మనుషుల్ని ఎక్కువగా అలసిపోయేలా చేసేది ఇదే. స్పీకర్ మీద లైటు బాగానే వెలుగుతుంది, ఫోన్‌లో ఇంటర్నెట్ బాగానే వస్తుంది. అయినా యాప్ మాత్రం "పరికరాలేవీ దొరకలేదు" అంటుంది. ఇది ఎందుకు జరుగుతుందో అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

ఫోన్‌కి స్పీకర్ చిరునామా ముందుగా తెలియదు. అందుకని ఫోన్ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ వినపడేలా "పాట వాయించగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా" అని కేకేస్తుంది. స్పీకర్ "నేనున్నాను" అని బదులిస్తుంది. ఈ కేకకి రెండు ప్రధాన పద్ధతులున్నాయి. ఫోన్ నుంచి స్పీకర్‌లో పాట పెట్టించే ఎయిర్‌ప్లే (యాపిల్‌ది), గూగుల్ కాస్ట్ లాంటివి ఎండీఎన్ఎస్ అనే పద్ధతి వాడతాయి. అది 224.0.0.251 అనే చిరునామాకి, 5353 పోర్టులో వెళ్తుంది. ఇంట్లో పాటలు, వీడియోలు ఒకదానితో ఒకటి పంచుకునే డీఎల్ఎన్ఏ పరికరాలు ఎస్‌ఎస్‌డీపీ అనే పద్ధతి వాడతాయి. దానిది 239.255.255.250, పోర్టు 1900. ఈ అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రూటర్ ఫైర్‌వాల్ పేజీలో ఎప్పుడైనా ఎదురైతే వాటిని అడ్డుకోకూడదని తెలిస్తే చాలు. రెండూ ఒకే ఇంటి నెట్‌వర్క్ లోపలే తిరుగుతాయి, రూటర్ దాటి ఇంకో నెట్‌వర్క్‌లోకి వెళ్లవు. కాబట్టి ఫోన్, స్పీకర్ ఒకే నెట్‌వర్క్‌లో లేకపోతే ఒకదాని కేక ఇంకోదానికి వినపడదు.

"మా ఇంట్లో ఉన్నది ఒక్కటే వైఫై కదా" అంటారు. చాలా ఇళ్లలో రెండుంటాయి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె ఒకటి, అది చాలదని మనం కొనుక్కున్న రూటర్ ఇంకొకటి. రెండూ వైఫై ఇస్తుంటాయి, రెండూ చిరునామాలు పంచుతుంటాయి. ఫోన్ ఐపీ 192.168.0తో మొదలై, స్పీకర్‌ది 192.168.1తో మొదలైతే సంగతి ఇదేనని దాదాపు ఖాయం. శాశ్వత పరిష్కారం, కంపెనీ పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో (చిరునామాలు పంచకుండా ఇంటర్నెట్‌ని మన రూటర్‌కి అందించడమే దాని పని) పెట్టడం, లేదా మన రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (చిరునామాలు పంచకుండా వైఫై మాత్రం ఇస్తుంది) పెట్టడం. ఈ రెంటిలో ఏదో ఒకటే చేయండి. యాక్సెస్ పాయింట్ మోడ్ సులువు, తేడా వస్తే వెనక్కి మార్చుకోవడమూ సులువు. అంత ఓపిక లేకపోతే కంపెనీ పెట్టెలో వైఫై ఆపేసి, అన్నింటినీ మన రూటర్ కిందికి తెచ్చుకోండి.

గెస్ట్ నెట్‌వర్క్‌కి కనెక్ట్ అయిన స్పీకర్ కూడా ఇంతే. అతిథుల ఫోన్లు ఇంట్లో పరికరాలని చూడకూడదనే దాన్ని పెట్టారు, దాని పని అది చేస్తోంది. ఏపీ ఐసొలేషన్, క్లయింట్ ఐసొలేషన్, వైర్‌లెస్ ఐసొలేషన్ అనే పేర్లతో ఇదే ఏర్పాటు మామూలు వైఫైలో కూడా ఆన్‌లో ఉండొచ్చు. దాన్ని ఆపండి.

ఇప్పుడు ఫోన్. ఐఫోన్‌లో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఇంటి నెట్‌వర్క్‌లో పరికరాలని వెతకడానికి ప్రతి యాప్‌కీ విడిగా అనుమతి కావాలి. మొదటిసారి తెరిచినప్పుడు వచ్చిన ప్రశ్నకి వద్దని నొక్కి ఉంటే, ఆ యాప్‌కి ఇక ఏ స్పీకరూ కనపడదు. మళ్లీ అడగదు కూడా. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో లోకల్ నెట్‌వర్క్ తెరిచి ఆ యాప్‌కి ఎదురుగా ఉన్న మీట ఆన్ చేయండి. ఇంట్లో ఒకరి ఫోన్‌లో కనపడి ఇంకొకరి ఫోన్‌లో కనపడకపోతే రూటర్ జోలికి వెళ్లకండి, ఇదో వీపీఎన్నో అయి ఉంటుంది. ప్రకటనలు ఆపే యాప్‌లు కొన్ని లోపల వీపీఎన్ లాగే పనిచేస్తాయి, వాటినీ లెక్కలోకి తీసుకోండి.

పొద్దున కనపడని స్పీకర్, రిమోట్‌తో ఒకసారి ఆన్ చేయగానే కనపడుతుందా? అయితే అది స్టాండ్‌బైలో వైఫైని ఆపేసుకుంటోంది. రిసీవర్ మెనూలో నెట్‌వర్క్ స్టాండ్‌బై అనో, నెట్‌వర్క్ కంట్రోల్ అనో ఉంటుంది. అది ఆన్ చేయండి, ఎకో మోడ్ తగ్గించండి. కరెంటు కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, కానీ ఫోన్ నుంచి స్పీకర్‌ని లేపాలంటే ఇది తప్పదు.

కొన్నాళ్లు కనపడి, రూటర్ రీస్టార్ట్ చేస్తే తిరిగొచ్చి, మళ్లీ కొన్నాళ్లకి మాయమయ్యే స్పీకర్ విషయంలో ఐజీఎంపీ స్నూపింగ్ అనే సెట్టింగ్ చూడండి. నేను చెప్పిన ఆ కేకలు ఎవరికి కావాలో వాళ్లకే అందించడానికి పెట్టిన ఏర్పాటు అది. కొన్ని రూటర్లలో అది సరిగా నడవక, అందాల్సినవాళ్లకి కూడా అందదు. ఆన్‌లో ఉంటే ఆపి చూడండి, ఆపి ఉంటే ఆన్ చేసి చూడండి. రెండు రోజులు గమనించాకే మంచో చెడో తేల్చుకోండి.

పాట ఆగి ఆగి వస్తుంటే

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. పాటకి పెద్ద వేగం అక్కర్లేదు. మంచి నాణ్యత ఎంపీ3 సెకనుకి 320 కిలోబిట్లు. సీడీ నాణ్యత అంటే సెకనుకి 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానెళ్లు, మొత్తం 1,411 కిలోబిట్లు. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ హైరెస్ (సీడీని మించిన నాణ్యత) పాట కూడా సెకనుకి 9.2 మెగాబిట్లు దాటదు, కుదించి పంపుతారు కాబట్టి నిజానికి ఇంకా తక్కువే పడుతుంది. 100 మెగాబిట్ల కనెక్షన్ ఉన్న ఇంట్లో పాట తెగుతోందంటే, 300కి మారినా తెగుతూనే ఉంటుంది. పాటకి కావాల్సింది నిలకడ. స్పీకర్ తన దగ్గర కొన్ని సెకన్ల పాటనే నిల్వ ఉంచుకుంటుంది. అంతకన్నా ఎక్కువ సేపు సరఫరా ఆగితే శబ్దం ఆగిపోతుంది. స్పీడ్ టెస్ట్ చేసి అంతా బాగుందనడం ఇక్కడ చెల్లదు. ఆ టెస్ట్ ఫోన్‌లో చేస్తారు, స్పీకర్ ఉన్న మూలలో దానికి ఏం అందుతోందో ఆ టెస్ట్‌కి తెలియదు.

సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు. అంకె ముందు మైనస్ ఉంటుంది, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మంచిది. -50 దగ్గరుంటే దివ్యంగా ఉన్నట్టు. -67 దాకా పాటకి ఇబ్బంది ఉండదు. -70 దాటితే నమ్మలేం, -80 దగ్గర మాట్లాడుకోవడం అనవసరం. రూటర్ పేజీలోనో స్పీకర్ యాప్‌లోనో ఈ అంకె దొరకొచ్చు. దొరక్కపోతే వైఫై ఎనలైజర్ యాప్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌ని స్పీకర్ ఉన్న చోటే, అదే ఎత్తులో పెట్టి చూడండి. గది మధ్యలో నిలబడి చేతిలో ఫోన్ చూసుకుంటే వచ్చే అంకె స్పీకర్‌కి వర్తించదు. టీవీ వెనక గోడకి, టీవీకి మధ్య ఇరికించిన స్పీకర్‌కి పెద్ద లోహపు పలక అడ్డం ఉన్నట్టే. అద్దాలు, ఇనప బీరువాలు, నీళ్లున్న చేపల తొట్టి కూడా సిగ్నల్‌ని తినేస్తాయి. స్పీకర్‌ని జానెడు పక్కకి జరిపితే సరిపోయిన ఇళ్లు నేను చాలానే చూశాను. కాబట్టి ఏ సెట్టింగ్ ముట్టుకునే ముందైనా స్పీకర్‌ని రూటర్ ఉన్న గదికి తీసుకెళ్లి ఒక గంట పాట పెట్టండి. అక్కడ తెగకపోతే స్పీకర్ మంచిదే, సమస్య అది ఉన్న చోటుది. రూటర్ పక్కనే పెట్టినా తెగితే వేరే కారణం వెతకాలి.

2.4 గిగాహెర్ట్జ్‌లో రద్దీ సంగతి కూడా చూడాలి. ఆ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్ల వైఫైలు ఏ ఛానెల్‌లో ఉన్నాయో ఎనలైజర్‌లో చూసి, ఈ మూడింటిలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. 3, 4, 8 లాంటివి ఎంచుకుంటే అటూ ఇటూ రెండువైపులా తగువే. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌లోనే ఉంచండి. 40 పెడితే వేగం పెరుగుతుందంటారు, కానీ ఆ ఇరుకు బ్యాండ్‌లో అది మనకీ నష్టమే, పక్కింటివాళ్లకీ నష్టమే.

మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు 2.45 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది. అది నడిచినప్పుడే పాట తెగుతుంటే అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు, స్పీకర్‌ని 5కి మార్చండి. బ్లూటూత్ కూడా ఇదే బ్యాండ్. ఎవరూ అనుమానించనిది యూఎస్‌బీ 3. ఆ తీగల నుంచి, హార్డ్ డిస్కుల నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. రూటర్ వెనక యూఎస్‌బీ డిస్కు తగిలించి అందులో పాటలు పెట్టుకునేవాళ్లు, ఆ డిస్కుని తీసి ఒక పూట విని చూడండి. తేడా కనపడితే డిస్కుని పొడుగాటి మంచి కేబుల్‌తో దూరంగా పెట్టండి.

5 గిగాహెర్ట్జ్‌లో ఉన్నవాళ్లకి వేరే రకం తెగుడు ఉంటుంది. చాలాసేపు చక్కగా పలికి, ఉన్నట్టుండి ఒకటి రెండు నిమిషాలు పూర్తిగా ఆగి, మళ్లీ తనంతట తనే వస్తుంది. ఆ బ్యాండ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లని చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి. రాడార్ లాంటి సంకేతం వినపడితే రూటర్ ఆ ఛానెల్ ఖాళీ చేసి తీరాలి. అలాంటి ఇంకో ఛానెల్‌కి వెళ్లాలంటే అక్కడ కనీసం ఒక నిమిషం చెవి పెట్టి విన్నాకే మొదలుపెట్టాలి. ఆ ఛానెళ్లు అసలు తెలియని స్పీకర్లకి రూటర్ అక్కడికి వెళ్లిన ప్రతిసారీ వైఫై మాయమైనట్టే. ఛానెల్‌ని ఆటోలో వదలకుండా 36, 40, 44, 48లో ఒకటి ఖాయం చేయండి.

మెష్ (ఇల్లంతా వైఫై అందేలా కలిసి పనిచేసే పెట్టెల జట్టు) ఉన్న ఇళ్లలో, స్పీకర్ దగ్గర్లో ఉన్న నోడ్‌ని, అంటే ఆ పెట్టెల్లో ఒకదాన్ని, వదిలి దూరంగా ఉన్నదాన్ని పట్టుకు వేలాడుతుంటుంది. ఏ నోడ్‌కి అంటుకుందో మెష్ యాప్‌లో చూసి, కుదిరితే దగ్గరి నోడ్‌కి కట్టేయండి. ఫాస్ట్ రోమింగ్, అంటే 802.11ఆర్, నడుస్తూ తిరిగే ఫోన్ల కోసం. కదలని స్పీకర్‌కి దాని అవసరం లేదు, కొన్ని పాత స్పీకర్లని అది గందరగోళంలో పడేస్తుంది. ఆపి చూడండి.

ఎలా పాట పంపుతున్నారన్నది కూడా పెద్ద ఆధారం. గూగుల్ కాస్ట్‌లో, స్పాటిఫై కనెక్ట్‌లో ఫోన్ రిమోట్ మాత్రమే. పాటని స్పీకరే నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఐఫోన్ నుంచి ఎయిర్‌ప్లేలో పంపితే సాధారణంగా పాట ఫోన్ మీదుగా రూటర్‌కి, అక్కడినుంచి స్పీకర్‌కి వెళ్తుంది. గాలిలో రెండు ప్రయాణాలు. ఎయిర్‌ప్లేలో తెగుతూ, అదే పాట స్పాటిఫై కనెక్ట్‌లో హాయిగా వస్తే స్పీకర్‌ని నిందించకండి. ఫోన్ ఉన్న చోట సిగ్నల్ చూడండి, ఫోన్ బ్యాటరీ ఆదా చేసే "లో పవర్ మోడ్"లో ఉందేమో చూడండి. రెండింటిలోనూ తెగితే స్పీకర్‌కి, రూటర్‌కి మధ్యే వెతకాలి. నాకు ఈ ఒక్క పరీక్షతో మిగిలే సమయం అంతా ఇంతా కాదు.

ఇంకా తేలకపోతే ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రూటర్‌కి తగిలించి, కమాండ్ విండోలో పింగ్ (ping, జవాబు ఎంత సేపటికి వస్తోందో కొలిచే ఆదేశం) అని కొట్టి పక్కన స్పీకర్ ఐపీ ఇవ్వండి. విండోస్‌లో అయితే చివర -t కూడా చేర్చి, కాసేపు నడవనివ్వండి. జవాబులు నిలకడగా కొన్ని మిల్లీసెకన్లలో వస్తుంటే మంచిది. మధ్యమధ్యలో వందలకి ఎగబాకుతుంటే, లేదా జవాబే రాకపోతే, సరిగ్గా అప్పుడే పాట కూడా తెగుతోందా అని వినండి. రెండూ కలిస్తే దోషం గాలిలోనే. పింగ్ చక్కగా ఉండి పాట మాత్రం తెగితే ఇంటర్నెట్ వైపు, పాటలిచ్చే సేవ వైపు చూడాలి.

ఏదో ఒక్కటి మాత్రం తెరుచుకోకపోతే

ముందు ఆ సేవ ఫోన్‌లో నేరుగా నడుస్తోందో లేదో చూడండి. నడుస్తుంటే స్పీకర్ యాప్‌లో ఆ ఖాతాని తీసేసి మళ్లీ లాగిన్ అవ్వండి. పాస్‌వర్డ్ మార్చాక స్పీకర్‌లో పాతదే మిగిలిపోవడం మామూలే. అప్పటికీ కాకపోతే స్పీకర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్‌ని (వెబ్‌సైట్ పేరుకి ఐపీ చిరునామా చెప్పే సర్వర్‌ని) 8.8.8.8 లేదా 1.1.1.1గా పెట్టి చూడండి. రిసీవర్ మెనూలో తేదీ, సమయం తప్పుగా ఉంటే సరిచేయండి. సర్వర్ చూపించే భద్రతా సర్టిఫికెట్ గడువు తేదీతో సరిచూసుకుంటారు కాబట్టి, గడియారం తప్పితే అన్ని సర్వర్లూ నకిలీలుగానే కనిపిస్తాయి.

పాత పరికరాలకి ఇంకో కష్టం ఉంది. ఎన్నో వెబ్‌సైట్లు ఆధారపడిన డీఎస్టీ రూట్ సీఏ ఎక్స్3 అనే మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30న ముగిసింది. అప్‌డేట్లు ఆగిపోయిన పరికరాలు కొన్నింటికి ఆ రోజునుంచి కొన్ని సర్వర్లతో మాటలు కుదరలేదు. హార్డ్‌వేర్ నిక్షేపంగా ఉంటుంది, మోత అద్భుతంగా ఉంటుంది, సేవలు మాత్రం ఒక్కొక్కటే రాలిపోతాయి. కంపెనీ సైట్‌లో కొత్త ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే వేయండి, కుదిరితే ఈథర్నెట్ కేబుల్ తగిలించి వేయండి. తెగుతున్న వైఫై మీద ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయడం నాకు ఇష్టం లేని పని. అప్‌డేట్ దొరక్కపోతే ఆ స్పీకర్‌ని పారేయకండి. దాని ఆక్స్ సాకెట్‌లోనో ఆప్టికల్ సాకెట్‌లోనో ఒక చిన్న స్ట్రీమర్ (ఇంటర్నెట్ నుంచి పాట తెచ్చి ఇచ్చే పెట్టె) తగిలిస్తే మరో పదేళ్లు పలుకుతుంది.

చిరునామా ఖాయం చేయడం, ఆఖరున రీసెట్

పైవాటిలో ఏది బాగుచేసినా, చివర్లో ఒక పని తప్పకుండా చేయండి. రూటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అని ఉంటుంది. స్పీకర్ మ్యాక్ చిరునామాకి ఒక ఐపీని అక్కడ కేటాయించండి. రూటర్ ఇచ్చే చిరునామాకి గడువు ఉంటుంది. గడువు తీరాకో, రూటర్ రీస్టార్ట్ అయ్యాకో స్పీకర్‌కి వేరే చిరునామా వస్తే, పాతదాన్నే గుర్తుపెట్టుకున్న యాప్‌లు దాన్ని కనుక్కోలేవు. స్పీకర్ మెనూలో చేత్తో ఐపీ పెట్టడం కన్నా రూటర్‌లో కేటాయించడం మేలు. రేపు రూటర్ మారినా స్పీకర్ చిక్కుల్లో పడదు.

స్పీకర్‌కి ఈథర్నెట్ పోర్టు ఉండి, అక్కడిదాకా తీగ వేయగలిగితే వేసేయండి. వైఫై సమస్యలన్నీ ఒక్క తీగతో పోతాయి. టీవీ కింద కదలకుండా ఉండే రిసీవర్‌కి, సౌండ్‌బార్‌కి నేను ఎప్పుడూ తీగనే సిఫారసు చేస్తాను.

ఇవన్నీ చేశాక కూడా దారికి రాకపోతే అప్పుడు రీసెట్. ముందు ఐపీ, ఫర్మ్‌వేర్ వెర్షన్, రిసీవర్ అయితే స్పీకర్ల దూరాలు, లెవెళ్లు ఫోటో తీసి పెట్టుకోండి. యాప్‌లోనుంచి పాత స్పీకర్‌ని తొలగించండి. రీసెట్ అయ్యాక నేరుగా ఇంటి వైఫైకి కాకుండా, వేరే ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి దానికి కనెక్ట్ చేయండి. హాట్‌స్పాట్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉండాలి. ఐఫోన్ అయితే హాట్‌స్పాట్ పేజీలో మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ ఆన్ చేయాలి. అక్కడ హాయిగా పలికితే స్పీకర్ రేడియోకి ఏ జబ్బూ లేదు, తప్పు ఇంటి రూటర్ సెట్టింగ్స్‌లోనే ఉంది, డబ్ల్యూపీఏ2 నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పక్కనే పెట్టిన హాట్‌స్పాట్‌కి కూడా కనెక్ట్ కాకపోతే లోపలి వైఫై మాడ్యూల్ పోయి ఉండే అవకాశం ఎక్కువ. వారంటీ ఉంటే సర్వీస్‌కి ఇచ్చి, హాట్‌స్పాట్‌తో పరీక్షించిన సంగతి వాళ్లకి ముందే చెప్పండి. లేకపోతే వాళ్లు కూడా మొదట రీసెట్ కొట్టే చూస్తారు.